గంప కింద పెట్ట

ప్రళయాన్ని ఉయ్యాల పాటలో పెట్టుకున్నవాళ్లం మనం. లోకాలన్నీ మునిగి, సూర్యచంద్రులు ఆరి, ఎటు చూసినా నీళ్లే మిగిలిన రాత్రి. ఆ నీళ్ల మీద ఒక మర్రాకు. ఆకు మీద కాలి బొటనవేలు నోట్లో పెట్టుకున్న పసివాడు. వటపత్రశాయి. పాలు తాగినా కన్నంటని బిడ్డకు మన తల్లులు జోల పాడేది ఆ రాత్రి మీదే. అంతా అయిపోయిందని చెప్పి జోకొడతారు. బిడ్డ హాయిగా నిద్రపోతుంది.

ప్రళయ కథా, నీ పుట్టిల్లు ఆ చీర ఉయ్యాల. అందుకేనేమో నువ్వెప్పుడూ చిన్నదానివి. లోకం ఎలా పెరిగిందో చెప్పడానికి పద్దెనిమిది పర్వాలు చాలలేదు. లోకం పోయిందని చెప్పడానికి ఒక ఆకు చాలింది. నవలలో నువ్వు ఇమడవు. నవల అంటే బతికి బట్టకట్టేవాళ్లు ఉండాలి, వాళ్లకు పెళ్లిళ్లు కావాలి, రెండో భాగం రాసుకునే ఆశ మిగలాలి. నువ్వు నాలుగు పేజీల్లో వచ్చి, దీపం ఆర్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోతావు. ఆ పొదుపుకే నీకు దండం పెడతాను.

నువ్వు తిరగని దేశం లేదు. 1950లో రే బ్రాడ్‌బరీ ఇంటికి వెళ్లావు. అణుబాంబు పడ్డ ఊళ్లో ఒక్క ఇల్లు మిగిలిందన్నావు. తినేవాళ్లు లేకపోయినా ఆ ఇల్లు పొద్దున్నే లేచి రొట్టెలు కాల్చి పెడుతూనే ఉంది, ఇంటివాళ్లేమో బయటి గోడ మీద నీడలై అంటుకుపోయి ఉన్నారు. 1953లో ఆర్థర్ క్లార్క్ చేత టిబెట్ సన్యాసుల మఠానికి కంప్యూటర్ మోయించావు. దేవుడి పేర్లన్నీ అచ్చు వేసే పని అయిపోయేసరికి ఆకాశంలో చుక్కలు కొండెక్కడం మొదలైంది. పెద్ద చావులు, చిన్న కథలు.

వాటికంటే ముందే మా బమ్మెర పోతన నిన్ను ఎనిమిదో స్కంధంలో కూర్చోబెట్టాడు. సత్యవ్రతుడనే రాజు ఏట్లో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి ఒక చేపపిల్ల వచ్చింది. కమండలంలో పట్టలేదు, మడుగులో పట్టలేదు, చివరికి సముద్రమే దానికి చాలింది. ఇంకో ఏడు రోజులకు నీళ్లు లోకాలను ముంచుతాయి, పడవ వస్తుంది, ఎక్కమంది. ఉత్త చేతులతో కాదు. ఓషధులనూ బీజాలనూ పడవలోకి ఎక్కించమంది.

ఓషధులు, బీజాలు. ఈ రెండు మాటలూ కొంగున కట్టుకుని నాతో బొంబాయి రోడ్డు ఎక్కండి.

లింగంపల్లి దాటి, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ దాటితే పటాన్‌చెరు. పేరులోనే చెరువున్న ఊరు. ఆ తర్వాత ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి. రోడ్డు వదిలి లోపలికి పాశమైలారం, ఇంకో దిక్కు బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం. భానూరులో ట్యాంకులను పేల్చే క్షిపణులు తయారవుతాయి. ఎద్దుమైలారంలో సైన్యానికి సాయుధ వాహనాలు తయారవుతాయి. రోడ్డు పొడుగూతా మందుల ఫ్యాక్టరీలు. ఓషధి నుంచి పుట్టిన మాటే ఔషధం. సత్యవ్రతుడి పడవలో సగం సరుకు ఇక్కడే రియాక్టర్లలో ఉడుకుతోంది. ప్రపంచంలో ఎక్కడో ఒక పిల్లకు జ్వరం దిగిందంటే ఈ రోడ్డుకు అందులో వాటా ఉండొచ్చు. ఈ నేల గొప్పతనం అది, దాచిపెట్టి మాట్లాడటం నాకు చేతకాదు. అయితే ప్రళయ కథలు రాసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకింతవరకు కనబడలేదు.

మా నాయనమ్మ ఊరు నక్కవాగు ఒడ్డు. నేను విన్న మొదటి ప్రళయం ఆమె చెప్పిందే, అది పురాణం కాదు. 1979 జూలై. అమెరికా వాడు ఆరేళ్ల కింద ఆకాశానికి పంపిన స్కైలాబ్ అనే ఇనుప ఇల్లు, 77 టన్నుల బరువుది, పట్టు తప్పి కింద పడబోతోందని రేడియో చెప్పింది. ఎక్కడ పడుతుందో రేడియో చెప్పలేదు. చెప్పని చోటు మన ఊరే కదా! తెలంగాణ పల్లెల్లో ఆ వారం రోజులూ పండగా చావూ కలిసి జరిగాయి. ఉన్న కోళ్లు కోశారు, మేకలు కోశారు. అప్పులిచ్చినవాళ్లు అడగడం మానేశారు, తీసుకున్నవాళ్లు ఇంకో చేబదులు అడిగారు. బ్రహ్మంగారు చెప్పనే చెప్పాడని ఒకరంటే, ఎక్కడ చెప్పాడని అడిగినవాడు లేడు. ఈ మధ్య, 2021లో, ఆ రోజుల మీద తెలుగులో స్కైలాబ్ అనే సినిమా కూడా వచ్చింది.

నాయనమ్మ చెప్పిన ప్రతిసారీ కోసిన కోళ్ల లెక్క పెరిగేది. ఒకసారి ఏడు, ఇంకోసారి పన్నెండు. ఊరంతా తింటూ ఏడ్చింది, ఏడుస్తూ తిన్నది అనేది. ఒక్క కోడిని మాత్రం ఆమె ఇవ్వలేదు. తాత కత్తి పట్టుకుని పెరట్లోకి వస్తే గంప మీద కూర్చుందట.

"లోకం మునిగితే మునగనీ. పెట్ట పొదుగు మీదున్నది. నడిమిట్ల లేపుతరా ఎవలన్న?"

జూలై 11న స్కైలాబ్ పడింది. కొంత హిందూ మహాసముద్రంలో, కొంత పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రపు దక్షిణ తీరాన ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల. ఆ ఊరి స్థానిక పాలకులు ఏం చేశారో తెలుసా? మా ఊళ్లో చెత్త పారబోశావని అమెరికా అంతరిక్ష సంస్థకు 400 డాలర్ల జరిమానా రాశారు. ప్రళయానికి రసీదు! అది చదివిన రోజు నవ్వాను గానీ, నవ్వు సగంలో ఉండగానే నక్కవాగు గుర్తొచ్చింది.

ఎందుకంటే, ప్రళయ కథా, నువ్వు ఆకాశం నుంచి వస్తావని మమ్మల్ని పైకి చూడమన్నావు. మేం మెడలు నొప్పి పుట్టేలా పైకే చూశాం. నువ్వు మాత్రం కింద నుంచి, మోకాలి లోతు వాగులోంచి వచ్చావు.

అదీ ఒక్కసారిగా రాలేదు. మొదట వాసనగా వచ్చావు. పారిశ్రామికవాడ పెరుగుతున్న ఆ డెబ్భైల చివర, ఎనభైల్లో, పిల్లలకు కొలువులు దొరుకుతాయన్న సంబరంలో వాసనను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత రంగుగా వచ్చావు. ఫ్యాక్టరీల నీళ్లు ఇసకవాగులోకి, ఇసకవాగు నక్కవాగులోకి, నక్కవాగు మంజీరలోకి, మంజీర గోదావరిలోకి. నీ ప్రయాణానికి టికెట్టు అడిగినవాడు లేడు. చేపలు తేలాయి. నీళ్లు పెట్టిన వరి ఎర్రబారి కంకి వేయలేదు. వాగులో దిగిన బర్రెలు ఈచుకుపోయాయి. బోరు వేస్తే వచ్చిన నీళ్లు గ్లాసులో పోసి దీపం ముందు పెట్టి చూసేవాళ్లు, చాయలా ఉందా కల్లులా ఉందా అని. ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట, బాచుగూడెం, పోచారం. వాగు పొడుగూతా ఒక్కో ఊరికి ఒక్కో యుగాంతం. ఏ ఊరి యుగాంతాన్నీ రేడియో చెప్పలేదు.

ఈ సంగతి 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. పరిహారాలు వచ్చాయి, కమిటీలు వచ్చాయి, కేసు కోర్టులు మారింది, దశాబ్దాలు గడిచాయి. పటాన్‌చెరులో వైద్యం చేసుకునే డాక్టర్ కిషన్‌రావు తన దగ్గరికొచ్చే రోగుల ఒంట్లో వాగును చూశాడు. ఆ చూసినదాన్ని చెప్పడానికే ఆయన ఏళ్ల తరబడి కోర్టులకూ కార్యాలయాలకూ తిరిగాడు. ఎస్పరెన్స్ వాళ్ల చీటీ గురించి ఆయనకు తెలుసో లేదో. తెలిసుంటే తప్పకుండా నవ్వి ఉంటాడు.

ఇప్పుడు నీలోని అన్నింటికంటే చిన్న కథ చెప్తాను. కంటికి కూడా కనపడదు.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి యోకిమ్ లార్సన్, ఆయనతో పనిచేసినవాళ్లు ఒక పరిశోధన అచ్చు వేశారు. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలను ఉమ్మడిగా శుద్ధి చేసే కేంద్రం పటాన్‌చెరులో ఉంది. అక్కడ శుద్ధి అయి బయటికి వస్తున్న నీళ్లను సీసాల్లో పట్టి కొలిచారు. లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! ఆ మందు మింగిన రోగి నెత్తుట్లో తేలే మోతాదు కంటే వాగులోకి పోయే నీళ్లలో ఎక్కువ ఉంది. రోజు మొత్తానికి లెక్క కడితే దాదాపు 45 కిలోలు. స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడుకునే మందు మా వాగు ఒక్క రోజులో తాగేసింది.

వాగుకు జబ్బు లేదు. జబ్బు లేని వాగు మందు తాగింది. వాగు అడుగున బురదలో ఉన్న సూక్ష్మజీవులు ఆ మందులో పుట్టి, ఆ మందులో ఈది, ఆ మందుకు చావకుండా ఉండే విద్య నేర్చుకున్నాయి. నేర్చుకున్నదాన్ని దాచుకోలేదు, పక్కదానికి చెప్పాయి. సూక్ష్మజీవులకు ఆ అలవాటుంది. విద్యను జన్యువుల చీటీగా చుట్టి చేతులు మార్చుకుంటాయి. ఆ తర్వాత అదే బురదను పరీక్షించినవాళ్లకు మందులను ఎదిరించే జన్యువులు కుప్పలుగా దొరికాయి. ప్రళయం అంటే నీళ్లు పైకి లేవడమని పోతన కాలం నుంచి అనుకున్నాం. ఈ ప్రళయంలో నీళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, మందే నీరైపోతుంది. కథ చివరి వాక్యంలో అగ్నిగోళం ఉండదు. వేలికి ముల్లు గుచ్చుకున్న రైతు ఉంటాడు. మందు వేస్తారు. మందు పని చేయదు. అంతే, కథ అయిపోయింది.

ఓషధులను పడవ ఎక్కించమంది చేప. పడవ ఎక్కించకుండా నేరుగా నీళ్లలో కలిపాం. తర్వాత ఆ కేంద్రం నీళ్లను గొట్టాల్లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి పంపారు, అక్కడి నుంచి మూసీకి. ప్రళయానికి పైపులైను వేసిన ఘనత మాత్రం ఏ పురాణంలోనూ లేదు.

నిప్పు కథలూ నీ దగ్గర ఉన్నాయి. వాటి దగ్గర నా గొంతు పెగలదు, క్లుప్తంగా చెప్తాను. 2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో, మాత్రల్లో కలిపే తెల్లటి పొడిని తయారుచేసే ఫ్యాక్టరీ పేలింది. పొడిని వేడి గాలిలో ఆరబెట్టే డ్రయ్యర్ ఉన్న చోట. నలభై మందికి పైగా పోయారు. బిహార్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. చాలామందిని డీఎన్‌ఏ పరీక్షతో గానీ పోల్చుకోలేకపోయారు. కొందరు అలా కూడా దొరకలేదు. బ్రాడ్‌బరీ కథలో గోడ మీది నీడలను చదివి పెద్ద ఊహ అనుకునే వయసు నాకొకప్పుడు ఉండేది. ఇప్పుడు అది ఊహలా కనబడటం లేదు. కథగా రాయాల్సి వస్తే పేలుడు నేను రాయను. ఇస్నాపూర్‌లో ఒక రేకుల గది రాస్తాను. లోపల గోడకు చొక్కా, మూతపెట్టిన గిన్నెలో అన్నం, పొద్దు గూకే వేళకు ఎవరూ తీయని తాళం. లోకం ఎంత ఉందని అడిగితే ఆ గది పొడవు వెడల్పు చెప్తాను.

ఇక బీజాలు.

ఫ్యాక్టరీల వాసన ముగియకుండానే, అదే పటాన్‌చెరులో, అదే బొంబాయి రోడ్డు పక్కన, గోడ వెనుక వేల ఎకరాల పచ్చదనం కనబడుతుంది. ఇక్రిశాట్. మెట్ట పంటల మీద పరిశోధనకు 1972లో పెట్టిన అంతర్జాతీయ సంస్థ. ఆ భూమి కోసం మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు లేచి వేరే చోటికి పోయాయి. లోకాన్ని కాచే పడవ కోసం రెండు చిన్న లోకాలు ఖాళీ చేయవలసి వచ్చింది. ఈ మాట ఎవరూ పెద్దగా అనరు, అందుకే అంటున్నాను.

లోపల విత్తన నిధి ఉంది. 144 దేశాల నుంచి తెచ్చిన విత్తన రకాలు లక్షా ఇరవై వేలకు పైనే. జొన్న, సజ్జ, శనగ, కంది, పల్లి, తైదలు, కొర్రలు, సామలు. పేదవాడి గటకా, రొట్టే, పప్పూ అంతా అక్కడ అల్యూమినియం సంచుల్లో, డబ్బాల్లో పడుకుని ఉంది. రోజువారీ వాడకానికి ఒక చల్లటి గది, ఏళ్లకేళ్లు నిద్రపుచ్చడానికి మైనస్ 20 డిగ్రీల గది. గదిలోకి పంపేముందు గింజను ఆరబెడతారు. ఇక్కడి ఆరబెట్టడం వేరు. 15 డిగ్రీల చలిలో, గాలిలో తేమ 15 శాతానికి దించి, తొందరపెట్టకుండా, రోజుల తరబడి. ఒక డ్రయ్యర్ దగ్గర తలవంచుకుని వచ్చినవాణ్ని కనుక, ఆ నిదానం గురించి విన్నప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

పడుకోబెట్టి మరచిపోరు. కొన్నేళ్లకొకసారి పిడికెడు తీసి మొలకెత్తించి చూస్తారు. మొలక తగ్గిందంటే మళ్లీ పొలంలో నాటి, కొత్త గింజ కట్టి, పాతదాని చోట దాన్ని నిద్రపుచ్చుతారు. జోలపాట ఆపితే బిడ్డ లేవదన్నట్టు.

ఒక పడవ మునిగితే? దానికీ దారి చూసుకున్నారు. ఉత్తర ధ్రువానికి చేరువలో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్‌లో, గడ్డకట్టిన కొండను తొలిచి 2008లో ప్రపంచ విత్తన ఖజానా తెరిచారు. పత్రికలు దాన్ని ప్రళయకాలపు ఖజానా అని పిలిచాయి. పటాన్‌చెరు గింజల నకళ్లు లక్షకు పైగా అక్కడికి వెళ్లాయి. వాన మొహం చూసి బతికే మెట్టనేల జొన్న, సూర్యుడు నెలల తరబడి కనబడని చోట, ఎలుగుబంట్ల కాపలాలో! సిరియాలో యుద్ధం వచ్చి అలెప్పో దగ్గరి విత్తన కేంద్రం చేజారినప్పుడు, 2015లో ఆ ఖజానా తలుపు మొదటిసారి తీసి దాచుకున్నవాళ్లకు దాచుకున్నది ఇచ్చారు. కాబట్టి ఇది కథ మాత్రమే కాదు. ఒకచోట లోకం పోయింది, పడవ పనికొచ్చింది.

ప్రళయ కథా, నీ రెండు చేతులూ ఒకే మండలంలో కనబడే చోటు ఇంకెక్కడన్నా ఉందా? ఒక చేతిలో మందు మరిగిన వాగు, ఇంకో చేతిలో గింజ నిద్రపోయే గది. మధ్యన షేర్ ఆటో దూరం. కంది దగ్గర ఐఐటీ పిల్లలు, ఇస్నాపూర్ చౌరస్తాలో షిఫ్టు బస్సు కోసం నిలబడ్డ బిహారీ కుర్రవాళ్లు, రుద్రారం గణపతికి మొక్కుకుని వచ్చే కొత్త జంటలు, అందరూ ఈ రెండు చేతుల నడుమ నుంచే రోజూ ఇంటికి పోతున్నారు. రాత్రిపూట బొల్లారం వైపు నుంచి గాలి తిరిగితే కిటికీలు మూసుకుంటారు. పొద్దున మళ్లీ తెరుస్తారు.

నిన్ను భయపెట్టేదానివని అంటారు. నాకు నువ్వు భయం నేర్పలేదు, లెక్క నేర్పావు. లోకం పోయిందంటే ఏం పోయిందని అడగడం నీ దగ్గరే నేర్చుకున్నాను. పెద్ద పెద్ద మాటలు చెప్పేవాణ్ని ఆపి, ఎన్ని చేపలు, ఎన్ని బర్రెలు, ఏ ఊరు, ఎవరి గది అని అడిగేది నువ్వు. ఉల్కను చూపించి, ఉల్క కింద మూతపెట్టిన అన్నం గిన్నెను చూపిస్తావు. తారలు ఆరిపోయాయని చెప్పి, వాటిని చూస్తున్న మనిషి వాక్యం సగంలో ఆగిపోయాడని చెప్తావు. నిన్ను రాసేవాడు లోకాన్ని ద్వేషించేవాడై ఉండడు. దాచుకోవాల్సినవి ఏవో ఆరా తీస్తూ అర్ధరాత్రి ఇల్లంతా కలియదిరిగేవాడై ఉంటాడు.

నాయనమ్మ అలాగే తిరిగేది. విత్తనపు జొన్న కంకులు దూలానికి వేలాడేవి, పొయ్యి పొగ తగిలేలా. కందులు వేపాకుతో, బూడిదతో కలిపి కుండలో పోసి, మూతికి పేడ మెత్తేది. కరువు వచ్చిన ఏడు కూడా ఆ కుండ ముట్టనివ్వలేదట, పిల్లలు ఏడ్చినా సరే. మైనస్ 20 డిగ్రీల గది గురించి ఆమె పోయేముందు ఒకసారి చెప్పాను. చలికి గింజ చావదా అంది. చావదు నాయనమ్మా, పడుకుంటుంది అన్నాను. కాసేపు ఆలోచించి, మరి లేపేటోళ్లు ఉంటరా అని అడిగింది.

స్కైలాబ్ పడ్డ రాత్రి ఏం చూశావని నేను చిన్నప్పుడు చాలాసార్లు అడిగాను. ఆకాశం ఎర్రగా అయిందా, చప్పుడు వచ్చిందా, జనం గుట్టెక్కారా అని. ఆమె ఆకాశం సంగతి ఏనాడూ చెప్పలేదు. ఆ రాత్రంతా గంప పక్కనే పడుకుందట, పిల్లి వస్తుందేమోనని. కోసిన కోళ్ల లెక్క చెప్పిన ప్రతిసారీ మారేది గానీ ఈ లెక్క ఎన్నడూ మారలేదు: పదకొండు గుడ్లు పెడితే తొమ్మిది పిల్లలు లేచినయి, రెండు మురిగినయి.